ఒకటింబావు మనుషులు

2131 ఫిబ్రవరి 4

ఈ రోజు మధ్యాహ్నం మా ఇంటి వాటా పూర్తయింది. కొండ సంఘం ఖాతాలో మా పేర ముప్పై వేల పన్నెండు పని గంటలు ఉన్నాయి. కావలసింది ముప్పై వేలే. ఎనిమిదేళ్లుగా ఈ పుస్తకంలో అంకెలు మాత్రమే రాశాను. ఇక మాటలు కూడా రాయాలనుకుంటున్నాను. నా మనవరాలు అచ్చమ్మకు తొమ్మిదేళ్లు. కొండలో తొలిచిన ఇంట్లో పెరిగి పెద్దదైతే, ఆ ఇల్లు ఎప్పటి నుంచో అక్కడే ఉందనుకుంటుంది. అది ఎలా వచ్చిందో ఎవరో ఒకరు వరసగా రాసిపెట్టాలి. మా ఇంట్లో ఆ తీరిక నా ఒక్కదానికే ఉంది.

నా పేరు రిషిత. ముప్పై ఒక్క ఏళ్లు పంటు బడిలో లెక్కలు చెప్పి విరమించాను. మేముండేది నీళ్ల మీద తేలే పదిహేడో నంబరు పంటు మీద, ఒకటే గది. నా కొడుకు ధీరజ్ సముద్రపు గోడ మీద నీళ్ల అడుగున అతుకులు పూడుస్తాడు. కోడలు తాయారు అదే గోడకున్న పంపు హౌసులో పని చేస్తుంది. ఇద్దరికీ ఎనిమిది గంటల డ్యూటీ, ఆపైన ఆరు గంటల ఓటీ. నిద్ర అక్కడి డ్యూటీ గదుల్లోనే. ఇంటికి వచ్చేది రోజుకు గంటన్నర, స్నానానికీ భోజనానికీ. గంట పనికి గంట జమ, ఓటీకి గంటన్నర. ధీరజ్ సంపాదన, తాయారు డ్యూటీ జీతం తిండికీ గాలికీ పంటు అద్దెకూ సరిపోయాయి. వాటాకు పోయినదంతా తాయారు ఓటీ, నా పింఛనూ.

మిగతాది నా పొదుపు. గాలి యంత్రం నడిచే ప్రతి గంటకూ బిల్లు పడుతుంది. కాబట్టి ఎండ దిగగానే యంత్రం ఆపి, అచ్చమ్మ ముక్కుకూ నా ముక్కుకూ తడి గుడ్డ కట్టి, పంటు అంచున నీడ పట్టున కూర్చుంటాం. పాఠాలు అక్కడే, జడలు అక్కడే, భోజనం అక్కడే. పొద్దున కూడా అంతే. మా వరసలో ముప్పై రెండు ఇళ్లున్నాయి. అన్నిటికంటే తక్కువ గాలి బిల్లు మాది. ఇది వరసగా ఆరో ఏడు.

మేలో ఈ పంటులన్నీ విప్పి లాగుకుపోతారు. ఈలోగా కొండ ఎక్కుతాం.

ఫిబ్రవరి 11

కేటాయింపు చీటీ వచ్చింది. ఒంటి అర అని ఉంది, అంటే ఒక్క మనిషికి సరిపడే గది.

పొరపాటు పడి ఉంటారనుకుని సంఘం ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా పాతికేళ్ల కుర్రవాడు, మర్యాద తెలిసినవాడే. లేచి నిలబడి కుర్చీ వేశాడు.

"మేం నలుగురం. ఒంటి అర ఎలా ఇస్తారు?" అన్నాను.

"మీ ఊపిరి మీటరు ఒకటింబావు చూపిస్తోందండి. మూడేళ్ల సగటు."

"ఒకటింబావు ఏమిటి?"

"ఒకటింబావు మనిషండి."

"నేను ఒకదాన్ని. ఆ పావు ఎవరు?"

అతను పలకలోకి చూసి, నా వైపు చూసి, "అది మీరే చెప్పాలండి" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

పేర్లూ పుట్టిన పత్రాలూ బల్ల మీద పరిచాను. అతను వాటిని ముట్టుకోలేదు. కొండ మొదటి మెట్టు ఇళ్ల కేటాయింపుల్లో లేని మనుషుల పత్రాలు చూపించి పెద్దిళ్లు పట్టుకుపోయారట. ఉన్నవాళ్లకు గాలి చాలక రెండు వీధులు ఖాళీ చేయించారట. "కొండ లోపలికి మనం గొట్టాల్లో గాలి పంపాలండి. పత్రాలు గాలి పీల్చవు. ఇంట్లో ఎంత ఊపిరి నడిచిందో చూసే ఇల్లు ఇస్తున్నాం. రెండున్నర దాటితే కుటుంబపు ఇల్లు. మీది..." అని ఆగాడు.

లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంటికొచ్చి మూడేళ్ల గాలి బిల్లులు తిరగేశాను. అతను చెప్పినది సరిగ్గానే ఉంది. ధీరజ్, తాయారు కంపెనీ గాలి పీల్చారు. నేనూ అచ్చమ్మా బయటి గాలి పీల్చాం. మా ఇంటి గాలి మా ఇంట్లో ఎవరూ పీల్చలేదు.

ఫిబ్రవరి 12

భోజనాల దగ్గర చెప్పాను. ధీరజ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. తాయారు చీటీ తీసుకుని రెండు వైపులా తిప్పి చూసింది, వెనక ఇంకేదైనా రాసి ఉంటుందేమోనన్నట్టు.

"ఇన్నేళ్లూ కట్టించుకున్నప్పుడు చెప్పలేదేం?" అన్నాడు ధీరజ్.

"నియమాల పుస్తకంలో ఉంది. పదకొండో నియమం. చదివాను. గాలి ఎక్కువ వాడితే అపరాధం వేస్తారేమో అనుకున్నాను."

తాయారు నా వైపు చూడకుండా అంది: "తక్కువ వాడితే అపరాధం అని ఎవరనుకుంటారు అత్తయ్యా."

పక్క పంటు సత్యవేణికి కుటుంబపు ఇల్లు కాదు, దానికంటే పెద్దది వచ్చింది. ఇంట్లో అయిదుగురే, మీటరు ఏడు చూపించిందట. ఎప్పుడు చూసినా ఆ ఇంటి నిండా చుట్టాలు, పేకాట, పిల్లల గోల, యంత్రం పగలూ రాత్రీ ఒకటే మోత. ఆ దుబారా గురించి ఆమెకు నేను రెండుసార్లు హితవు చెప్పి ఉన్నాను. సాయంత్రం తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏవండీ పంతులమ్మగారూ, ఒంటి అరంటగా! అయ్యో, నాకు చెప్పారు కదండీ మీరు, చూసి ఖర్చు పెట్టుకోమని. నాకు చూసుకోడం రాలేదండి, ఆయ్. ఏం చేస్తాను."

"వచ్చిన పని చెప్పు సత్యవేణీ."

"పనేం లేదండీ. ఊరికే చూసి పోదామని. మీ ఇంటికి ఊరికే ఎవరూ రారు కదా మరి."

ఫిబ్రవరి 19

నియమాల పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. పదిహేనో నియమం కింద మరుకొలత అడగవచ్చు. మార్చి ఒకటి నుంచి నలభై అయిదు రోజులు మీటరు కొత్తగా లెక్క కడుతుంది. అప్పుడు రెండున్నర దాటితే కుటుంబపు ఇల్లు. అయితే మరుకొలత అడిగేవాళ్లు ఇప్పుడిచ్చిన అర వద్దని, ఇంట్లోని పెద్దలందరి సంతకాలతో ఫిబ్రవరి ఇరవై ఎనిమిది సాయంత్రం అయిదు లోపల రాసివ్వాలి. రాసిచ్చాక కొలత తప్పితే ఏమీ ఉండదు. కుటుంబపు ఇల్లూ ఉండదు, ఒంటి అరా ఉండదు. మే వచ్చేసరికి పంటూ ఉండదు.

కూర్చుని లెక్క వేశాను. నేను గడప దాటకుండా, యంత్రం ఆపకుండా ఉంటే నాది ఒకటి. అచ్చమ్మ బడికి పోగా అర. ఓటీ మాని తాయారు ఇంటికి వచ్చి పడుకుంటే ఇంకో అర. ధీరజ్ గంటన్నర కలిపితే మొత్తం రెండుకు కొంచెం పైన. చాలదు. ధీరజ్ కూడా ఓటీ మానితే దాటుతుంది. కాని ఇద్దరూ సెప్టెంబరు దాకా ఓటీ ఒప్పందాల మీద ఉన్నారు. తాయారు ఒప్పందం తెంచుకుంటే ఈ నెల ఓటీ జమ పడదు, పైగా వాటాలోంచి నూట ఇరవై గంటలు కోస్తారు. ధీరజ్‌ది నీళ్ల కింద పని, మూడు వందలు కోస్తారు. అంత కోత పడితే, ఏప్రిల్‌లో సంఘం వాటాలన్నీ మళ్లీ తనిఖీ చేసేనాటికి మా వాటానే నిలవదు.

సత్యవేణి మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికే వచ్చింది.

"మా ఆడపడుచు తాలూకు వాళ్లు పదకొండు మంది దిగారండి. మా ఇంట్లో కాళ్లు చాపుకోడానికి చోటు లేదు. రోజూ మధ్యాహ్నం మీ ఇంట్లో పడుకోబెడతాను. గురకలు కూడా పెడతారు, మీటరు గిర్రున తిరుగుద్ది. ఏమంటారు?"

"అది మోసం."

"మోసమేంటండీ! వాళ్లేం ఉత్తుత్తినే పీలుస్తారా?"

"నేను ఊపిరి అద్దెకు తెచ్చుకోను."

"అయితే పడండి ఒంటి అరలో" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "నాకేం వచ్చిద్దండీ దీంట్లో. మీ పిల్ల ముఖం చూసి అడిగాను" అంది. అది నిజమేననుకుంటాను.

ఫిబ్రవరి 23

తాయారుకు ఈ నెలలో ఒక్కటే సెలవు, ఈ రోజు. పగలంతా ఇంట్లో ఉంది. యంత్రం నేను ఆపలేదు.

పొద్దున తాయారు నిద్ర లేచేసరికి అచ్చమ్మ చాప దులిపి వేసింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఇక్కడ కూర్చోండి. కాఫీ తాగుతారా?" అని అడిగింది. నేను నేర్పిన మర్యాదే. ఇంటికి ఎవరైనా వస్తే అలాగే అడగాలని చెప్పాను. మా ఇంటికి ఎవరూ రారు కాబట్టి ఆ మర్యాద వాడే అవకాశం దానికి ఇన్నాళ్లూ రాలేదు.

తాయారు నవ్వింది. "తాగుతానండీ" అంది. కాఫీ తాగి, గ్లాసు కడగడానికి వెళ్లి, నీళ్ల దగ్గర చాలాసేపు ఉండిపోయింది. నేను వెనకాలే వెళ్లలేదు.

సాయంత్రం బడి వదిలాక అచ్చమ్మ వెంట ముగ్గురు పిల్లలు వచ్చారు. అందులో ఒకతి సత్యవేణి కూతురు పైడితల్లి. తలుపు తెరుచుకుని లోపలికి తొంగి చూస్తున్నారు, చల్లగాలి ముఖానికి తగిలి. నా నోటికి అలవాటైన మాటే వచ్చింది: "తలుపు వేసి బయట ఆడుకోండి. ఇక్కడ గాలి ఊరికే రాదు."

పిల్లలు వెళ్లిపోయారు. తాయారు కూరగాయలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టి నన్ను అడిగింది:

"మీ బడిలో ఎంతమంది చదువుకున్నారు అత్తయ్యా?"

"మొత్తం మీదా? పన్నెండు వందల పైన."

"వాళ్లలో ఒక్కళ్లయినా ఈ గదిలోకి వచ్చారా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆమె మళ్లీ కత్తి తీసుకుంది. గొంతు పెంచకుండానే అంది: "నేను పంపు హౌసులో ఉన్నంతసేపూ, ఇంట్లో మీరిద్దరూ చల్లగా కూర్చుని ఉంటారనుకునేదాన్ని. ఆ ఊహ మీద డ్యూటీ చేసేదాన్ని."

ఫిబ్రవరి 25

గుమాస్తా దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఇంట్లో పిల్లలకు చదువు చెబితే, ఆ పిల్లల ఊపిరి ఇంటి లెక్కలోకి వస్తుందా అని అడిగాను. దాచడానికి ఏమీ లేదు కాబట్టి ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాను.

అతను పైవాళ్లను కనుక్కుని వచ్చాడు. "రోజూ జరిగే పనైతే అది ఆ ఇంటి జీవనమేనండి. కొండ మీద కూడా జరగాలి. నలభై అయిదు రోజులకు పెట్టి మూసేస్తే మాత్రం ఇల్లు వెనక్కి తీసుకుంటారు."

"మూయను."

"రాసిస్తారా?"

రాసిచ్చాను. ఎనిమిది మంది పిల్లలు రోజూ రెండు గంటలు కూర్చుంటే మా మీటరులో దాదాపు అర మనిషి చేరుతుంది. రెండున్నర దాటుతుంది, కాస్తే అయినా. పిల్లకు రోజుకు పావు గంట ఫీజు. నలభై అయిదు రోజులకు తొంభై గంటలు. తాయారు కోత పోగా వాటాకు తక్కువ పడేది నూట ఎనిమిది. పద్దెనిమిది ఇంకా తక్కువ. పెరిగే గాలి బిల్లు నా పింఛనులోంచి పోతుంది.

సాయంత్రం సత్యవేణి ఇంటికి నేనే వెళ్లాను. పేకముక్కలు పక్కకు నెట్టి నాకు చోటు చేశారు. విషయం విని ఆమె నోరు తెరిచింది.

"అంటే మా పిల్ల ఊపిరి మీకు ఇచ్చి, పైన ఫీజు కూడా నేనే కట్టాలా?"

"ఫీజు లెక్కలు చెప్పినందుకు. ఊపిరికి కాదు."

"మరి ఊపిరికి ఏమన్నా తగ్గించండి."

"తగ్గించను. పైడితల్లికి పద్నాలుగో ఎక్కం రాదు. తొమ్మిదేళ్ల పిల్లకు అది రాకపోవడం సిగ్గుచేటు."

పేకాడుతున్నవాళ్లు పెద్దగా నవ్వారు. సత్యవేణి కూడా నవ్వి, "ఈవిడ సాయం అడగడానికొచ్చి నన్నే తిడతందండీ బాబూ!" అంది. తరవాత మా వరసంతా తిరిగి మిగతా ఏడుగురినీ తనే పోగుచేసింది. ఒక తల్లి దగ్గర బేరమాడుతుంటే నా చెవిన పడింది: "పీనాసిదే అనుకో, చదువు మటుకు గట్టిది."

ఫిబ్రవరి 27

కాగితం మీద నేను సంతకం పెట్టాను. తాయారు పెట్టింది. ధీరజ్ పెట్టలేదు.

వాడు అన్నం తిన్నాక, కాగితం ముందు పెట్టుకుని మొత్తం చదివాడు. తరవాత మడిచి నా ముందుకు నెట్టాడు.

"అమ్మా, చేతిలో ఉన్నది వదులుకోకు. కొలత తప్పితే అచ్చమ్మను ఎక్కడ పెడతావు? పంటు లాగేశాక గట్టు మీద గుడారాల్లోనా? అక్కడ ఎండాకాలం ఎంతమంది మిగులుతున్నారో నీకు తెలుసు."

"లెక్క ప్రకారం రెండున్నర దాటుతుంది."

"ఎంత దాటుతుంది?"

చెప్పాను. చాలా తక్కువ.

"ఇద్దరు పిల్లలకు వారం జ్వరమొస్తే?"

దానికి నా దగ్గర అంకె లేదు.

"ఒంటి అర తీసుకోండి. నువ్వూ అచ్చమ్మా అందులో ఉండండి. మేమిద్దరం గోడ దగ్గర డ్యూటీ గదుల్లో ఉంటాం. వారానికి ఒకసారి వచ్చి చూసిపోతాం." "ఇప్పుడూ అంతే కదా" అని కూడా అన్నాడు.

వాడు నన్ను నొప్పించడానికి అన్నది కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. ఈ ఎనిమిదేళ్లలో వాడు ఒక్కసారి కూడా ఓటీ వద్దనలేదు. నెలాఖరున గంటలు తెచ్చి నా చేతిలో పెట్టి, జమ రాశానో లేదో చూసుకుని వెళ్లేవాడు. అలా పెంచింది నేనే.

తాయారు మడిచిన కాగితం మళ్లీ విప్పింది. "నేను డ్యూటీ గదికి వెళ్లను" అంది. "గట్టు మీద గుడారమైనా సరే, పిల్లతో ఉంటాను."

"గుడారంలో పిల్ల ఉంటుందా, చెప్పు?" అన్నాడు ధీరజ్. గొంతు పెరిగింది. "చెప్పవే. బతుకుతుందా?"

అచ్చమ్మ గోడ వైపు తిరిగి పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పేజీ తిప్పడం లేదు.

ఇద్దరి మాటల్లోనూ తప్పు లేదు. ధీరజ్ చెప్పే ప్రమాదం నిజం. దాన్ని నేను ఎంత కూడినా తీసేసినా సున్నా కాదు. కాని ఒంటి అరలో మేమిద్దరం సర్దుకున్నామంటే అక్కడి మీటరు మళ్లీ ఒకటింబావు చూపిస్తుంది. ఆ అంకె చూపించి ఇంకో ఇల్లు ఎవరూ ఇవ్వరు. ఇక వాడు డ్యూటీ గదిలోనే ముసలివాడు అవుతాడు. గోడ మీద అతుకులు పూడ్చేవాళ్లు యాభై దాటి బతకడం నేను ఎక్కువ చూడలేదు.

ఇవన్నీ వాడికి చెప్పి ఉండవలసింది. నేను చెప్పింది: "రేపు అయిదింటి లోపల ఇవ్వాలి." వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 28, పొద్దున

ధీరజ్ ఈ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనానికి వస్తాడు. ఇక జరగవలసినవి రాసుకుంటున్నాను.

1. తాయారు ఓటీ ఒప్పందం రద్దు కాగితం జేబులో పెట్టుకుని ఉండాలి. ధీరజ్ సంతకం అయ్యాకే పంపు హౌసులో ఇవ్వాలి, ముందు కాదు. కోత నూట ఇరవై గంటలే అని రసీదు రాయించుకోవాలి.

2. రేపటి నుంచి గాలి యంత్రం ఆగకూడదు. దాని మీట జోలికి నేను పోకూడదు.

3. పిల్లలు ఎనిమిది మంది, సాయంత్రం నాలుగున్నరకు. ఎనిమిది మందీ లోపల పట్టాలి కాబట్టి నా మంచం నిలబెట్టి గోడకు ఆనించాలి. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే ఆ పిల్లను రానివ్వకూడదు, మీటరు పడిపోయినా సరే. ఆ చోట కూర్చోవడానికి ఇంకో ఇద్దరిని ఇప్పుడే చూసి ఉంచమని సత్యవేణిని అడగాలి.

4. తక్కువ పడే పద్దెనిమిది గంటలు ఎక్కడి నుంచి వస్తాయో ఈ రోజుకు తెలియదు. తెలియదని రాసి ఉంచుతున్నాను.

5. పొద్దున అచ్చమ్మ జడ తాయారు వేయాలి. వంకరగా వచ్చినా నేను విప్పి మళ్లీ వేయకూడదు.

6. ధీరజ్ రాగానే ముందు భోజనం పెట్టాలి. తినేవరకు కాగితం బయటికి తీయకూడదు. గోడ మీద మనుషులు ఎన్నేళ్లు బతుకుతారో, వాడు లేని ఇల్లు నాకెందుకు వద్దో, నిన్న చెప్పని మాటలన్నీ వరసగా చెప్పాలి. వాడికి ఇంకా మనసొప్పకపోతే బతిమాలాలి. వాడు పుట్టి ముప్పై ఎనిమిదేళ్లయింది, ఇంతవరకు వాణ్ని నేను దేనికీ బతిమాలలేదు. ఎలా మొదలుపెట్టాలో పన్నెండున్నర లోపల ఆలోచించుకోవాలి.